మళ్లీగారి కొలత

అన్యాయం ఎవరికి జరిగింది? ఈనాడు పదవీ విరమణ చేస్తున్న మన నాడీ పరీక్షా విభాగపు సాంకేతిక నిపుణులకు. ఎలా జరిగింది? సరైన కొలత తీసినందుకు వారి సర్వీసు ఫైలులో మెమో చేరింది. అభినందనలకు ముందు ఈ మాట చెప్పడం న్యాయం.

1989 జూన్ 12న వారు ఈ ఆసుపత్రిలో చేరారు. చర్మంపై ఎలక్ట్రోడ్లు అతికించి, స్వల్ప విద్యుత్ ప్రేరణతో నరం ఎంత వేగంగా సందేశం మోస్తున్నదో, కండరం ఎంత బలంగా స్పందిస్తున్నదో కొలవడం వారి వృత్తి. ఆ కొలత వెంట్రుకవాసి తప్పినా నిలువెత్తు మనిషి బతుకు తప్పుతుందని నమ్మినవారు కనుక, ప్రతి పరీక్షనూ మూడుమార్లు చేసేవారు. మూడూ ఏకీభవించనిదే కాగితంపై అంకె వేసేవారు కారు. "మళ్లీ చూద్దాం" అన్నది వారి ఊతపదం. సహోద్యోగులు వారిని మళ్లీగారనే పిలిచేవారు.

"ఇంట్లోనూ అంతేనండీ," అంటారు వారి శ్రీమతి. "తాళం వేసి మూడుసార్లు లాగుతారు. వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొస్తారు."

చేరిన అయిదో ఏట, దుస్తుల కర్మాగారంలో మిషన్ కుట్టే ఒక మహిళను, కత్తెర రెండుసార్లు జారవిడిచిందన్న నెపంతో, యాజమాన్యం పరీక్షకు పంపింది. నరాల జబ్బని తేలితే ఆమెకు ఉద్యోగం ఉండదు. మూడు కొలతలూ నరం మందగించిందనే చెప్పాయి. అప్పటి విభాగాధిపతి, అనగా ఈ వ్యాసకర్త్రి, నివేదికపై సంతకం చేసింది. కాగితం అందుకుని రిజిస్టరులో సంతకం పెట్టబోతున్న ఆ మహిళ చేతి నుంచి కలం జారింది. తీసి అందిస్తున్న మళ్లీగారి వేళ్లకు ఆమె చెయ్యి తగిలింది.

"ఇదేంటమ్మా, చెయ్యి ఐసుగడ్డలా ఉంది?"

"పొద్దున్నుంచీ మీ ఏసీ కిందే కదయ్యా కూర్చోబెట్టారు. మీ మిషన్‌కి వేడి పడదంట. మరి మనిషికి చలి పడుతుందా?"

చల్లబడిన చేతిలో ఆరోగ్యవంతమైన నరం సైతం మందకొడిగా నడుస్తుంది. మూడు కొలతలు ఏకీభవించినంత మాత్రాన నిజం కానక్కరలేదని, తాను ఒకే తప్పును మూడుమార్లు కొలిచానని వారికి ఆ క్షణాన అవగతమైంది. ఆమె చేతిని గోరువెచ్చని నీటిలో ఉంచి, వెచ్చబడిందని నిర్ధారించుకుని, తిరిగి కొలిచారు. నరం నిక్షేపంగా ఉంది. పాత నివేదిక వెనక్కి తీసుకుని, కొత్తది తమ సంతకంతోనే ఆమెకు ఇచ్చారు.

"మళ్లీ కొలవమని మీకెవరు చెప్పారు?" అని విభాగాధిపతి నిలదీసింది.

"ఆ చెయ్యే చెప్పింది మేడమ్."

ఆ మహిళ ఉద్యోగం నిలిచింది. వీరికి మాత్రం, అధికార పరిధి అతిక్రమించారన్న మెమో వచ్చింది. క్షమాపణ రాసిస్తే రద్దు చేస్తామన్నారు.

"కొలత తప్పయితే రాస్తాను. మీరే వచ్చి కొలవండి," అన్నారు వారు.

అధిపతి వెళ్లలేదు. రెండు పదోన్నతులు వారిని దాటి, వారి దగ్గర పని నేర్చుకున్నవారికి దక్కాయి. పరీక్షకు ముందు చర్మపు ఉష్ణోగ్రత నమోదు చేయాలన్న నియమం మరుసటి ఏడే అదే అధిపతి సంతకంతో వెలువడింది. అందులో వారి పేరు లేదు. ఇంతకన్నా స్పష్టమైన నేరాంగీకారం ఉండదు. మళ్లీగారు మాత్రం ముప్ఫై ఏళ్లకు పైగా ఒక్క పరీక్షనూ తొందరగా ముగించలేదు, ఒక్క అంకెనూ అధికారికి నచ్చేట్టు దిద్దలేదు.

గత నెలలో ఈ వ్యాసకర్త్రి పరిపాలనా కార్యాలయానికి వెళ్లి రెండు నివేదికల ప్రతులనూ బల్లపై పెట్టింది.

"వచ్చే నెల రిటైరయ్యే మనిషికి ఇప్పుడెందుకండీ ఇదంతా?" అన్నారు గుమాస్తా.

"తప్పుకు రిటైర్మెంట్ లేదు నాయనా. ఫైలు తియ్యి."

మెమో రద్దయింది. సీనియర్ హోదా, తొలిసారి దక్కవలసిన తేదీ నుంచే వారికి దక్కింది.

మళ్లీగారూ, వారి శ్రీమతీ నిండు ఆరోగ్యంతో, తొందర లేని ఉదయాలతో చిరకాలం వర్ధిల్లాలని విభాగమంతా మనసారా కోరుకుంటున్నది. ఆనాడు వారిని రాయమన్న క్షమాపణను ఈనాడు రాయవలసిన చెయ్యే రాసి, సంతకం చేసి, వారి ఫైలులో చివరి కాగితంగా చేర్చింది. బాకీ పూర్తిగా తీరింది.