గట్టు అవతలి మనిషి

ముసలి రైతు దహనం జరిగిన మర్నాడు, పక్క చేను రైతు వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. పోయినాయన భార్య లోపలి నుంచి వచ్చింది.

“చేలో కుప్పకూలినప్పుడు దగ్గరున్నది నువ్వేగా. చివర్లో మీ అన్న ఏమన్నా అన్నారా?”

“ఇంకో రెండు మళ్లు తడపాలి, చూడరా అన్నాడు వదినా. గట్టు తగాదా అయ్యాక పదేళ్లకి నాతో మాట్లాడింది అదే. నేను భుజాన వేసుకుని రోడ్డెక్కేలోగా అన్న ప్రాణం పోయింది. ఆ మళ్లు ఇందాకే తడిపి వస్తున్నాను.”

“నిరుడు నువ్వు జ్వరంతో మంచం పట్టినప్పుడు నీ చేనుకి నీళ్లు పెట్టింది మీ అన్నే.”

“మా పెద్దాడనుకున్నాను. నాతో ఒక్క మాట చెప్పాల్సింది.”

“చెబితే పౌరుషానికి పోయి మోటారు ఆపేస్తావన్నారు.”

“ఆపేసేవాణ్ణే వదినా,” అంటూ అతను మెట్టు మీద కూలబడ్డాడు.