సీసం గ్లౌజు

ఏవిటే సరోజినీ, గుండె ఆపరేషన్ల గదిలో ఎక్స్‌రే తగలకుండా ఇచ్చిన ఆ సీసం కోటు బరువని విప్పేసి నించుంటున్నావా? బాగుంది. అచ్చం మీ నాయనమ్మ దయామణే. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా ఈ తాత ప్రాణానికి సుఖం లేదు, ఇప్పుడు నువ్వు తయారయ్యావు. ఇట్టా కూర్చో, అన్నం తింటూ విను. ఆ ఫ్యాను కాస్త తగ్గించు ముందు.

బందర్లో ఓ చిన్న మిషనరీల ఆసుపత్రి ఉండేది, ఇప్పుడు లేదులే. యాభై ఎనిమిదిలో అనుకుంటా, ఎక్స్‌రే మిషను వచ్చింది. చీకటి గదిలో మనిషిని నిలబెట్టి, గుండె కొట్టుకోవడం తెర మీద చూసేవారు నాగభూషణరావు డాక్టరుగారు. పక్కన నర్సు మీ నాయనమ్మ. ఆవిడకి సీసం కోటూ, మోచేతుల దాకా సీసం గ్లౌజులూ ఇచ్చి, "సిస్టర్, ఆ కిరణాలు కంటికి కనపడవు, చర్మాన్ని తినేస్తాయి, ఇవి తియ్యకండి" అని మొత్తుకునేవారు. కోటు వేసుకునేది. గ్లౌజుల దగ్గరే పేచీ! అక్కడ ఏ పరీక్షకైనా ముందు రోగి మీద చెయ్యేసి ప్రార్థన చెయ్యడం ఆనవాయితీ. గ్లౌజుతో ప్రార్థన చేస్తే చెప్పులేసుకుని గుళ్ళో మోకరించినట్టుంటుందట ఈవిడకి. తీసేసేది. పోనీ ఆమేన్ అనేసి తొడుక్కోవచ్చుగా? మొదలెడితే రోగి ముత్తాత దగ్గర్నించి గొడ్డూగోదా దాకా దీవించాలి. బయటేమో బంటుమిల్లి నించి, కృత్తివెన్ను నించి బళ్ళు కట్టుకొచ్చిన జనం. ఆయన ఎంతసేపని ఆగుతారు? స్విచ్చేసేవారు. "గుండె చూద్దామంటే మీ వేళ్ళ ఎముకలు కనపడుతున్నాయి సిస్టర్!" అని అరిచేవారు.

నేనూ అరిచాను. రోజూ అరిచాను. "ఆ ప్రార్థనేదో వరండాలో చేసి లోపలికి తీసుకెళ్ళవే" అంటే, "వరండాలో చేసినా దేవుడు వింటాడండీ. వాళ్ళకి భయమేసేది లోపలేగా" అనేది. దివిసీమ ముసలమ్మలు ఆ చీకట్లో, ఆ మిషను హోరుకి గజగజలాడిపోయేవారట. చెయ్యి పట్టుకోవాలట. పట్టుకో, వద్దన్నానా? గ్లౌజేసుకుని పట్టుకో! "అది గేదె తోలులా ఉంటుందండీ, మనిషి చెయ్యిలా ఉండదు." ఇదీ వరస. ఇట్టాంటి మనిషితో ఏం వేగుతావు చెప్పు?

గోళ్ళు నల్లబడ్డాయి. చర్మం పగిలింది. కొబ్బరినూనె రాసుకుని, అంట్లు తోమడం వల్ల అంది. పుండు మానకపోతే మద్రాసు తీసుకెళ్ళాను. కుడిచేతికి రెండు వేళ్ళు తీసేశారు. నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. డాక్టరుగారు ఆవిణ్ణి ఆ గదిలోంచి వార్డుకి మార్చేశారు.

మరుసటేడు నాకు గుండెల్లో నొప్పి. అదే గది. తనూ లోపలికి వస్తానంది. "గ్లౌజేసుకుంటేనే రా, లేదంటే నాకు పరీక్షే వద్దు" అని గుమ్మంలోనే దెబ్బలాడాను. లైటు తీసేశారు. ఏమీ కనపడదు. మిషను హోరు. నిజం చెప్పొద్దూ, నాకే భయమేసింది. అప్పుడు గుండె మీద చెయ్యి పడింది. బరువుగా, చల్లగా. డాక్టరుగారేమో "కాస్త పైకి జరపండి సిస్టర్, గుండెంతా మూసేశారు" అంటున్నారు. జన్మలో నా మాట విన్నది ఆ ఒక్కసారేనే! ఊరందరికీ ఒట్టి చెయ్యి, నాకు మాత్రం సీసం. నా చెయ్యి దాని మీద వేసి గట్టిగా పట్టుకున్నాను. రెండు వేళ్ళ దగ్గర గ్లౌజు అణిగిపోయింది, లోపల ఏం లేదు.

ఏవిటట్టా చూస్తావు? పులుసు చల్లారిపోతోంది, తిను.