ముసలి ఇంజనుకి నీళ్ళు

సియెన్‌ఫ్యూగోస్‌లో ఒక ఇరుకు వీధి, ఆదివారం పొద్దున. తండ్రి వదిలిపోయిన పాత కారు బానెట్ ఎత్తి ఉంది. అన్న ఎవేలియో లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు. చెల్లెలు నెరెయిదా ముందు నిలబడి ఇంజను గాలి పీల్చే రంధ్రంలోకి సీసాతో నీళ్ళు పోస్తోంది.

"అంత కాదు, అంత కాదు! సన్నగా! దారంలా పడాలి."

"దారమే ఇది."

"మోకు ఇది. సీసా మూతకున్న చిల్లు మీద వేలు పెట్టు నెరెయిదా. ఒక్కసారి గుమ్మరించావంటే లోపల రాడ్లు వంగిపోయి అక్కడికక్కడే బిగుసుకుంటుంది."

"తెలుసులే అన్నయ్యా. రోజూ జనాన్నెక్కించుకుని పల్మీరా దాకా తోలేది నేను. నువ్వు కాదు."

"తోలడం వేరు, ఇంజను వేరు."

"అవునవును. నీకు స్టీరింగిస్తే మేకని గుద్దావు."

"ఆ మేకే వచ్చి నన్ను గుద్దింది. పొయ్యి నువ్వు."

"పోస్తున్నా. ఇదేంటి, ఇలా దగ్గుతోంది?"

"దగ్గనీ. వేడి మీదున్న ఇంజనులో నీళ్ళు పడితే ఆవిరైపోతాయి. ఆ ఆవిరే లోపల పేరుకున్న మసిని ఊడగొట్టి బయటికి తోస్తుంది. వెనక గొట్టం చూడు, ఎంత నల్లగా కక్కుతోందో!"

"నాన్న ఎప్పుడూ ఇలా చెయ్యలేదు."

"ఆయనకి ఓపిక లేక."

"నాన్నకా, ఓపిక లేకా? పూట పూటంతా ఒక్క వాల్వు నూరుకుంటూ కూర్చునే మనిషికి? ముసలి ఇంజను మసి మీదే నిలబడుతుందనేవాడు. అరిగిపోయిన సందుల్ని ఆ మసే మూసి ఉంచుతుంది, అది కడిగేస్తే నాలుగు రోజులు గుర్రంలా పరిగెత్తి తర్వాత ఆయిలు తాగడం మొదలెడుతుందని. నాకూ చెప్పాడు, నీకూ చెప్పాడు."

"నాన్న చాలా చెప్పాడు. పుచ్చకాయ తిని రమ్ము తాగితే చస్తారని కూడా చెప్పాడు. నేను చచ్చానా?"

"అన్నయ్యా, ఒకటి అడగనా?"

"గట్టిగా అడుగు, ఈ గోలలో వినపడి చావదు."

"ఈమధ్య పలోమాని ఎవరైనా అడిగారా?"

"ఎవర్ని?"

"పలోమాని. మన కారుని."

"ఏమని అడుగుతారు?"

"ఏమనేముంది, కొంటామని."

"ఈ తుక్కుని ఎవడు కొంటాడే! సీసా అయిపోయిందా? అదిగో బకెట్, నింపుకో."

"ఎవరూ అడగలేదంటావు."

"లేదన్నానా, లేదా? నింపుకో త్వరగా, ఇంజను చల్లారకముందే."

"నింపాను. పొయ్యమంటావా?"

"పొయ్యకపోతే తాగుతావా?"

"ఒరేయ్ ఎవేలియో! నా దుప్పట్లు! నా దుప్పట్లు రా!"

"తోమాసా అత్తా, గాలి పక్కింట్లో మీ దండెం వైపు తిరిగింది, నేనేం చెయ్యను?"

"గాలి మీదకి నెట్టకు. దొరక్క దొరక్క సబ్బు దొరికితే పొద్దున్నే ఉతికి ఆరేసుకున్నా. బొగ్గుల బస్తాల్లా అయ్యాయి. ఇంతకీ ఎవరికి కట్టబెడుతున్నావు పలోమాని?"

"ఎవరికీ లేదు. లోపలికెళ్ళండత్తా, పొగ పడదు మీకు."

"నాకు చెప్పకు. ఈ వీధిలో కారుకి కడుపు కడిగారంటే అమ్మకానికే. మా ఆయన కూడా ఇలాగే కడిగి, సాగువా నుంచి వచ్చిన ఒక అమాయకుడికి అంటగట్టాడు. వాడు నెల తిరక్కుండా నీలం పొగ చిమ్ముకుంటూ వచ్చి, మా గుమ్మంలో నిలబడి మా ఏడుతరాల్నీ తిట్టిపోశాడు. ముసలమ్మకి పౌడరు రాసి పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు!"

"అత్తా!"

"పోతున్నాలే. నెరెయిదా, ఆ పెద్ద దుప్పటి మాత్రం నువ్వే ఉతకాలి, చెప్తున్నా."

"ఉతుకుతా అత్తా. మీరు వెళ్ళండి."

"ఏమే, ఆపావేం?"

"అత్త అన్నది విన్నావా?"

"ఆవిడ నోటికి తాళం ఎప్పుడుంది కనక?"

"అబద్ధమని ఒక్క మాట చెప్పు. పోస్తా."

"ముందు పొయ్యి."

"ముందు చెప్పు."

"నెరెయిదా, ఇప్పుడు కాదు, వేడి పోతుంది..."

"కాలు తియ్యి. ఇంజను ఆపెయ్యి."

"సగంలోనా?"

"ఆపు అన్నయ్యా."

"ఆపాను. చాలా?"

"ఇప్పుడు గోల లేదు. చెప్పు."

"కాగితాలు నా పేరున ఉన్నాయి."

"కాగితాల సంగతి నేనడిగానా?"

"నాన్నే రాశాడు నా పేరున."

"రాశాడు. రాసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. 'పేరు వాడిది, పొట్ట నీది' అన్నాడు. నువ్వు పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నావు. పంచదార చాలలేదని కూడా అన్నావు."

"అప్పటి రోజులు వేరు. ఇప్పుడు పెట్రోలు కోసం క్యూలోనే నీకు తెల్లారిపోతోంది. ఇది పోతే ఆ డబ్బుతో కరెంటు మీద నడిచే మూడు చక్రాల బండి వస్తుంది. క్యూ లేదు, మసి లేదు..."

"ఎవరు తోలతారు దాన్ని?"

"నేనూ... మీ వదిన తమ్ముడూ."

"మరి నేను?"

"నీకేదో ఒకటి చూద్దామనే."

"ఏదో ఒకటి."

"ఊఁ."

"నాకెప్పుడు చెప్దామనుకున్నావు?"

"చెప్దామనే ఉంది."

"ఏమని?"

"వదిలెయ్యవే."

"ఏమని చెప్దామనుకున్నావు అన్నయ్యా?"

"దారిలో ఇంజను పోయింది, ముక్కల లెక్కన ఇచ్చేశానని. అలాగైతే నీకు బాధ తక్కువుంటుందని."

"బాధ తక్కువుంటుందని."

"నేనన్నదల్లా తిప్పి అనకు!"

"నీ మాటలు నా నోట్లో ఎలా ఉంటాయో చూస్తున్నా. చేదుగానే ఉన్నాయి. ఇన్ని చేసి, దీన్ని అమ్మడానికి నా చేత్తోనే కడిగించావా?"

"ఇది ఒక్కడివల్ల అయ్యే పనా? కాలు లోపల ఉండాలి, చెయ్యి బయట ఉండాలి. ఇంకెవర్ని పిలవను? నీ చేతికున్న నిదానం ఈ వీధిలో ఎవరికుంది?"

"మెచ్చుకుంటున్నావా?"

"నిజమే చెప్తున్నా."

"పొద్దున్నుంచీ నువ్వు చెప్పిన నిజం ఇదొక్కటే."

"సరే, తిట్టుకో. ఎంత తిట్టుకుంటావో తిట్టుకో. మధ్యాహ్నం వాడొస్తాడు. పల్మీరాలో గచ్చులు పరిచే మేస్త్రీ, పెద్దమనిషి. వాడి ముందు మాత్రం మొహం ఇలా పెట్టకు. ఇంకో సీసా పోస్తే ఇంజను గువ్వలా కూస్తుంది. వాడు తీసుకెళ్ళాక మనం మనం చూసుకుందాం."

"రాడు."

"ఎవరు?"

"నువ్వు చెప్పే పెద్దమనిషి. నవ్వితే ముందు పన్ను కనపడదు. ఎండలోనైనా ఇంట్లోనైనా గడ్డి టోపీ తియ్యడు."

"నీకెలా తెలుసు?"

"లిబోరియో అతని పేరు. రోజూ పనికి నా బండిలో నా పక్కనే కూర్చుని వెళ్తాడు. కారు కొనడం దేవుడెరుగు, సైకిలుకి టైరు మార్చుకోలేక మూలన పడేశాడు."

"మరి నా దగ్గరికొచ్చి, బేరమాడి... వాణ్ణి నువ్వు పంపావా?"

"నేనే. నువ్వు పలోమాని అమ్మకానికి పెట్టావని పెట్రోలు క్యూలో ఎవరో అన్నారు. వాళ్ళతో కొట్లాడినంత పనిచేశాను. మా అన్నయ్య అలాంటివాడు కాదన్నాను. తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు."

"సొంత అన్నకి వల పన్నుతావా!"

"వల కాదు."

"మరేంటే? పొద్దున్నుంచీ నోరు మూసుకుని నీళ్ళెందుకు పోశావు? ఉన్న మసి ఊడ్చుకుపోయింది. కొనేవాడు లేడు. ఇక ఇది ఆయిలు తాగినా, మానం తీసినా మన నెత్తినే! ముందే ఒక్క ముక్క చెప్పుంటే పోయేది కదా!"

"సీసా సీసాకీ ఆగాను అన్నయ్యా. ఆ ముక్క నువ్వే చెప్తావని."

"వాడు 'అమ్ముతావా' అంటే నేనేమంటానని పంపావు అసలు?"

"'ఆగవయ్యా, మా చెల్లెల్ని అడగాలి' అంటావని."