బిగుసుకున్న మూత

అది ఫ్లాస్కులు తయారుచేసే ఫ్యాక్టరీలో యజమాని గది. అద్దం అవతల మిషన్లు మోగుతున్నాయి. బల్లకు ఇటు తండ్రి, అటు ఈమధ్యే పనిలో చేరిన కూతురు.

"వారమంతా ఎక్కడ తిరిగొచ్చావమ్మా మహారాణీ?"

"మన ఫ్లాస్కులు కొన్నవాళ్ల వంటిళ్లలో, నాన్నా."

"మనం అమ్మేది దుకాణాలకి. వంటిళ్లతో మనకేం పని?"

"టీ తాగేది దుకాణంవాడు కాదుగా! ముందు వాళ్లకేం కావాలో కనుక్కుని, తర్వాత మూతకి అచ్చు చేయించాలి. నువ్వేమో అచ్చు చేయించేసి వాళ్లని సర్దుకోమంటావు. అందుకే సరుకంతా గోడౌన్లో మూలుగుతోంది."

"నా మూతకేం తక్కువ? తలకిందులు చేసినా చుక్క కారదు!"

"కారదు. ఊడి కూడా రాదు. పెద్దవాళ్ల చేతులకి అసలు తిరగట్లేదు."

"వాళ్లకి ఓపిక లేకపోతే తప్పు నా మూతదా? నేను రోజూ తాగట్లా?"

"అయితే తాగు. ఇదిగో, నీ ఫ్లాస్కే."

"చూడు... ఇలా పట్టుకుని... ఉండు..."

"బల్లకేసి కొట్టకు నాన్నా, బల్ల పాతది."

"నవ్వకు! ఇవాళ దీనికేదో అయింది. మీ అమ్మ ఇచ్చినప్పుడు ఇట్టే వస్తుంది."

"ఇవాళ టీ పోసింది నేను. మూత పూర్తిగా బిగించాను. అమ్మ ఎప్పుడూ సగమే తిప్పుతుందట."

తండ్రి ఫ్లాస్కు వంక చూశాడు. తర్వాత కుర్చీకి తగిలించిన తన సంచి వంక చూశాడు.

"ఓహో! నా సంచి రోజూ తడిసేది అందుకా!"

"సంచి సరే, అచ్చు సంగతేంటి?"

"మార్పిద్దాంలే. ముందు దీన్ని తీసేవాళ్లెవరినైనా పిలువు, టీ చల్లారిపోతుంది."

"చల్లారదులే నాన్నా. ఫ్లాస్కు మనదే కదా."