బిగుసుకున్న తలుపు

రష్యా మంచుసీమ యాకూతియాలో ఆ ఉదయం వీధి తలుపు మంచుకు బిగుసుకుపోయింది. బయట మరిది గొడ్డలితో అంచుల వెంట మంచు కొడుతున్నాడు. లోపల వదిన ఉంది.

“వేడినీళ్లు మాత్రం పొయ్యకు వదినా, మళ్లీ గడ్డకడతాయి. భుజంతో గట్టిగా నెట్టు.”

“నెడుతూనే ఉన్నానయ్యా.”

“అబద్ధం! నువ్వు నెడితే నాకు తెలీదా?”

ఆమె తలుపుకి నుదురు ఆనించింది.

“మీ అన్నని తీసుకొచ్చారా?”

“తెచ్చాం. ఏట్లో వల దగ్గరే, మంచు కింద దొరికాడు. బండి మీద పడుకోబెట్టాం.”

“ఈ తలుపు తెరిచేదాకా ఆయన చేపలకెళ్లినట్టే కదా. కాసేపు అలాగే ఉండనీ.”

అతను గొడ్డలి దించేశాడు. కన్నీళ్లు రెప్పల మీదే గడ్డకట్టాయి. బండివైపు చూసి, మెల్లగా అన్నాడు.

“అన్న చలిలో ఉన్నాడు వదినా.”

“అయ్యో... తప్పుకో. నెడుతున్నా.”