తెరిస్తే కదా మూయడానికి

హలో… ఆ, నేనే. నేనేనయ్యా గోవిందూ, బలరాంనే. నా దుకాణంలో ఫోనెత్తితే ఇంకెవడుంటాడు? గట్టిగా మాటాడు, ఇక్కడ బిందెల చప్పుడు… ఎక్కణ్ణించి?… ప్లాంటు టౌన్‌షిప్ ఆఫీసరు గారి గదిలోంచా! ఆయనేరీ?… మీటింగుకెళ్లేరా. మరి నువ్వెక్కడ కూచున్నావు?… ఆయన కుర్చీలోనా! దిగు. దిగవయ్యా బాబూ. వ్యాపారుల సంఘం కార్యదర్శివి, నిలబడి మాటాడు.

ఆ… ఆ… ఏటీ, మన మార్కెట్‌కి వస్తానన్నారా? జీపులోనా? ఎప్పుడు?… పదకొండున్నరకా!

…మార్కెట్ మొత్తం బంద్ ఉందని కళ్లతో చూస్తే, ఇక్కడ ఆడవాళ్లకి లెట్రిను కట్టించే కాయితం మీద ఇవాళే సంతకం పెడతానన్నారా? నీకెదురుగానే అన్నారా?… అబ్బ! నాలుగేళ్లు తిరిగేం గోవిందూ ఈ ముక్క కోసం. నాలుగేళ్లు.

వద్దు. రానీకు ఆయన్ని.

…రానీకంటే రానీకు! టీ తాగించు. సమోసా తెప్పించు. కాళ్లు పట్టుకో. ఎందుకేటి, మార్కెట్ మూసిలేదు కనక.

…ఒక్కటంటే ఒక్కటీ మూసిలేదు.

…అరవకు. నువ్వు నిన్నంతా జాముల్‌లో మీ అత్తారింట్లో కూచున్నావు, నీకు తెలీదు, విను. మనం బంద్ ఎప్పుడన్నాం? సోమవారం. మన మార్కెట్‌కి వారం సెలవెప్పుడు?

…

ఆ. అదీ సంగతి. ఇప్పటికి వెలిగింది నీకూ.

…నేనే అన్నాను, నేనే. కాదన్నానేటి? మీటింగులో కూరగాయల అప్పలనర్సమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఏటంది, నువ్వూ విన్నావు కదా. "బాబూ, సూరీడు పొడవక ముందు ఒకపాలి, సూరీడు మునిగేక ఒకపాలి. మద్దిన గొంతు తడుపుకుందామంటే బయమేస్తాది" అంది. ఆ ముసిల్ది అలగంటే నాకు ఒళ్లు మండిపోయింది. బల్ల గుద్దీసేను. "సోమవారం సంపూర్ణ బంద్!" అన్నాను. మీరందరూ చప్పట్లు కొట్టేరు. ఎనభైమంది దుకాణదార్లు, ఒక్కడికీ గుర్తు రాలేదు! అయిదొందల కరపత్రాలు పంచీసేం. మొన్న మా ఆవిడ అందులో వేరుశనక్కాయలు పొట్లం కడతా, "సోమవారం ఎలగూ సెలవే కదండీ, మళ్లీ బంద్ ఏటి" అంది.

…నవ్వకు గోవిందూ. ఎమర్జెన్సీ ఎత్తీసి రెండేళ్లయింది, దేశంలో ప్రతివాడూ బంద్ చేస్తన్నాడు. మనకొక్కళ్లకే చేత కాలేదంటే పరువేటవుతాది?

అందుకని నిన్న సాయంత్రం ఇంటింటికీ తిరిగేను. తెరవని దుకాణం మూస్తే ఎవడికి తెలుస్తాది? ముందు తెరవండి. తొమ్మిదింటికి అందరూ తెరవండి. పదకొండింటికి నేను ఈల వేస్తాను. టప్పున అన్ని షట్టర్లూ ఒక్కసారి దిగాలి. అప్పుడది బంద్. ఏం, బాగులేదా?

…బాగుందంటావు కదా! అందరూ అలగే అన్నారు.

తొమ్మిదింటికి తెరిచీసేరు. ఒక్కడు తప్పలేదు. సంఘం పుట్టేక ఇంత ఐకమత్యం నేనెరగను, కళ్లంట నీళ్లొచ్చేయి. అంతే, ఎవడు చెప్పేడో ఏటో, సోమవారం మార్కెట్ తెరిచేరని ఊరూరా పాకిపోయింది. ప్లాంటులో నైట్ షిఫ్ట్ దిగినోళ్లు సైకిళ్లు ఇటే తిప్పీసేరు. సెక్టర్ ఆరు నించి ఆడవాళ్లు పిల్లల్నేసుకుని వచ్చీసేరు. భిలాయి-మూడు నించి టెంపోలు కట్టించుకుని… నిజం! దసరాకి కూడా ఇంత జనం లేరు.

…వేసేనయ్యా ఈల! పదకొండింటికి వేసేను, బుగ్గలు నొప్పెట్టేలా వేసేను. సైకిళ్లోళ్లు పక్కకి తప్పుకున్నారు. అంతకు మించి ఏమీ అవలేదు.

నరసింగరావు బావ బట్టల కొట్టుకెళ్లేను. ఉపాధ్యక్షుడు కదా, ముందు ఆయన మూస్తే మిగతావాళ్లు మూస్తారని. "బావా, షట్టర్" అన్నాను. "ఈ తాను చివర కాస్త పట్టుకో" అన్నాడు.

…పట్టుకున్నాను. ఏం చెయ్యమంటావు? పరదా గుడ్డ, పదకొండు మీటర్లు. సంఘం అధ్యక్షుణ్ణి, నన్ను పట్టుకుని నడిరోడ్డు దాకా నడిపించేడు.

…ఉండు, ఇంకా ఉంది. దుకాణాల సెలవులు చూసే ఇనస్పెక్టరు వచ్చేడు. సెలవునాడు తెరిచిందెవరు, పేరు చెప్పమన్నాడు. "సాహెబ్, మూయడానికే తెరిచేం" అన్నాను. ఆయన రాసుకున్నాడు! రాసుకుని మళ్లీ చదువుకున్నాడు. మంచినీళ్లడిగేడు. తాగి, "ఇప్పుడే అన్నీ మూయిస్తాను" అని లేచేడు. నేను ఆయన చెయ్యి పట్టీసేను.

…ఎందుకంటావేటి! ఆయన మూయిస్తే అది చట్టం. మనం మూస్తే బంద్. ఆ తేడా లేదూ? "సాహెబ్, మీరు మూయించొద్దు, మేం మూయట్లేదు గానీ మూస్తాం" అన్నాను. పాపం, నెత్తి మీద చెయ్యేసుకుని వెళ్లి నరసింగరావు కొట్లో కూచున్నాడు. తాను రెండో చివర ఇప్పుడు ఆయన పట్టుకున్నాడు.

…నాదా? నా దుకాణం సంగతడుగుతావా? …తెరిచే ఉంది. మూసీమని మా ఆవిడతో చెప్పేను. "ఈ ఒక్క బిందె" అంది. తరవాత మళ్లీ "ఈ ఒక్కటీ" అంది. నలుగురూ నవ్వుతన్నారు గోవిందూ. ఈ గొడవ దాటితే రాజీనామా ఇచ్చీస్తాను, అధ్యక్షుడివి నువ్వే అయిపో… వద్దంటావా? నాకూ అలగే అనిపిస్తంది, ఎవరికి కావాలి ఇది.

గానీ ఆ ముసిల్దాని మొహం ఎలగ చూడాలి? "బాబు బల్ల గుద్దేడు, ఇంక అయిపోద్ది" అని అందరికీ చెప్పుకుంది.

…ఏటీ? ఒక్కరైనా మూసేరా అనా? చెప్పేను కదా… ఉండు, ఉండు. ఈ ఫోను వైరు పొట్టిది, కూరగాయల వరస ఇక్కణ్ణించి సగమే కనపడతాది… గోవిందూ.

గంపల మీద గోనెలు కప్పేసున్నాయి.

…అవును, అన్నింటి మీదా. మనుషుల్లేరు. అప్పలనర్సమ్మ లేదు, కన్నమ్మ లేదు, ఆ ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు కూడా ఎవరూ లేరు. ఈల వేసిన వేళకే లేచిపోయుంటారు… ఏం షట్టరు? వాళ్లకి షట్టర్లెక్కడివి? నేల మీద కూచునేవాళ్లు. మన సంఘంలో సభ్యత్వం కూడా లేదు, షాపు నంబరుంటేనే కదా ఇస్తాం. మీటింగులో కూడా గుమ్మం అవతలే నిలబెట్టేం.

ఎక్కడికెళ్లేరంటావు? …ఏ నరసింగరావు బావా! కూరగాయలోళ్లేరీ? …ఏటీ? …చెంబులేటి? …

గోవిందూ, ముప్ఫైమంది ఆడవాళ్లు చేతుల్లో చెంబులు పట్టుకుని వరసగా నువ్వున్న ఆఫీసు రోడ్డెంట వెళ్లేరంట.

…చప్పుడేటి? వరండాలోనా? …వచ్చీసేరా! అప్పుడే! …ఏటంటంది అప్పలనర్సమ్మ? …"మా కాడ కట్టీదాకా మీకాడే ఎల్తాం బాబూ, ఎటేపు" అంటందా? …చప్రాసీ ఏం చేస్తన్నాడు? …వేలెట్టి చూపించీసేడా!

నువ్వడ్డు లెగు. తలుపు తెరిచి పట్టుకో. అదే, ఆఫీసర్ల లెట్రిను తలుపు, ఇంకేటి తలుపు!

…ఆయనొచ్చేరా? మీటింగు నించి లేచి వచ్చేరా? …తొందర మీదున్నారా. ఏటి తొందర? …అమ్మమ్మ. ఆయనక్కూడా అదే తొందరా? …మరి? …లైనులో రమ్మన్నారా! ఎవరన్నారు అంత మాట? …

మా ఆవిడా?

…లక్ష్మీకుమారి గల్లా దగ్గర ఉంది కదయ్యా… లేదు. లేదిక్కడ. గల్లా దగ్గరెవరూ లేరు. అలమర్లో చెంబులు కూడా లేవు. …అందరికంటే ముందు నడిచిందా? …ఆవిడేం చెప్పింది ఆయనకి? "మీ ముందు ముప్ఫై ఒక్కమంది ఉన్నారు సార్" అందా!

…నిలబడ్డారా? …ఎంతసేపు? …గోవిందూ, చెమట్లు పడతన్నాయా ఆయనకి? కాయితం పట్టుకెళ్లు. ఇప్పుడే. పెన్ను మూత తీసి మరీ ఇయ్యి… ఆ… ఆ… పెట్టేరా? గోడ మీద ఆనించి పెట్టేరా! తేదీ వేయించు. తేదీ లేకపోతే మళ్లీ నాలుగేళ్లు.

…వేసేరా. సరే. సరే… ఇంక పంపించండి ఆయన్ని ముందు, పాపం.

ఒకసారి మా ఆవిడకియ్యి ఫోను.

…లక్ష్మీ. నేనే. …ఏటే, నువ్వేల వెళ్లేవు? …అవసరమయ్యే వెళ్లేవా? …నీకు కూడానా. పొద్దున్నించి నీళ్లు తాగలేదా? …రోజూ అంతేనా? …దుకాణం పెట్టిన దగ్గర్నించా? పదకొండేళ్లా! …

…నేను రోజూ టీ తెప్పిస్తే వద్దంటావు కదా. నీకు టీ పడదనుకున్నాను. అందరికీ అలగే చెప్పేను, మా ఆవిడకి టీ పడదని. …చెప్పలేదేం మరి? …నేనడగలేదా. …

…అడగలేదు. నిజమే, అడగలేదు. గుమ్మం అవతల నిలబడ్డ దానికోసం బల్ల గుద్దేను గానీ, పక్కన కూచున్నదాన్ని అడగలేదు.

…లైను కదిలిందా? వెళ్లు, వెళ్లు. నేను వస్తన్నాను… అక్కడికేనే, ఇంకెక్కడికి. ఫోను పెట్టీ…

ఏటమ్మా? …బిందె రేపు. చెయ్యి తియ్యమ్మా, షట్టర్ దింపుతన్నాను. ఇవాళ బంద్.