పన్నెండుకి పైన

మండపేట. పల్లంరాజు గారింటి మేడ మీద గది, మధ్యాహ్నం మూడు గంటలు. కాలేజీకి ఒక్క సీటు చొప్పున ఇచ్చిన హిమాలయాల ట్రెక్‌కి ఆయన కూతురు లావణ్య బయల్దేరుతోంది. ఆ సీటు కోసం ఆఖరిదాకా ఆమెతో పోటీపడి, రక్తపరీక్ష దగ్గర ఆగిపోయిన వీరదుర్గ, సర్దడంలో సాయం చెయ్యడానికి ఉప్పాడ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.

“అలా కాదే. స్లీపింగ్ బ్యాగ్ అడుక్కి తొయ్యి. బరువున్నవన్నీ వీపుకి ఆనాలి. పైన బరువు పెట్టావంటే ఎక్కేటప్పుడు వెనక్కి లాగేద్ది.”

“నువ్వే పెట్టెయ్ వీరా. పొద్దున్నించీ నాకు బుర్ర పనిచెయ్యట్లేదు.”

“జరుగు. ఇలా ఇవ్వు. థర్మల్స్ ఎన్ని?”

“రెండు జతలు.”

“ఉన్ని సాక్సులు?”

“మూడో, నాలుగో.”

“మూడో నాలుగో ఏంటే? లిస్టు చూసుకోలేదా?”

“నీకు కంఠతా వచ్చుగా.”

“వచ్చు. మూడు నెలలు అదే చదివాను. సెమిస్టర్ పరీక్షలకి కూడా అంత చదవలేదు. ఒక్కో జతకీ ఒక్కో ప్లాస్టిక్ కవరు తొడుగు. అక్కడ తడిస్తే ఇంక ఆరవు.”

“వీరా, నీకు కోపం లేదుగా?”

“దేనికి?”

“నేనెళ్తున్నందుకు.”

“ఎన్నిసార్లు అడుగుతావే? హెడ్‌ల్యాంపుకి వేరే బ్యాటరీలు తీసిపెట్టావా?”

“పెట్టాను. మీ అమ్మగారికెలా ఉంది?”

“లేచి కూర్చుంటోంది. నిన్న చేపల పులుసు అడిగింది. డాక్టరమ్మ కారం తగ్గించమంటే, కారం లేనిది పులుసేంటని ఆవిడతోనే దెబ్బలాట. రోజూ నిన్నే తల్చుకుంటది. ‘లావణ్యమ్మ రెండ్రోజులు నా మంచం పక్కనే కూర్చుంది, కడుపున పుట్టినదాన్లాగ’ అని.”

“అబ్బా, ఊరుకో.”

“నిజమే కదే. కాకినాడ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్లి, ఈ గ్రూపు రక్తం లేదని వెనక్కి తెచ్చేశారు. మా నాన్నకి కాళ్లూ చేతులూ ఆడలేదు. నువ్వు కాదూ, ఫోన్ పట్టుకుని తెలిసినోళ్లకీ తెలియనోళ్లకీ...”

“ఆ జాకెట్ ఇలా ఇవ్వు. చుట్టి పెడతా.”

“చుట్టక్కర్లేదు, పైనే ఉంచు. సాయంత్రమైతే ముందు అదే కావాలి. మాట మారుస్తావేంటే? పొగిడితే సిగ్గా?”

“సిగ్గూ లేదు ఏం లేదు.”

“ఇదేంటి, ఈ సైడు జేబులో? పొట్లం?”

“ఏం కాదు. ఇచ్చెయ్.”

“బియ్యం! బియ్యం ఎందుకే ట్రెక్‌కి?”

“ఊరికే. నములుతాను అప్పుడప్పుడూ. మిల్లున్న ఇల్లు కదా, చిన్నప్పటి అలవాటు.”

“ఒంట్లో రక్తం తగ్గినోళ్లకి పచ్చి బియ్యం మీదకి మనసు పోద్దంట. వార్డులో నర్సమ్మ చెప్పింది.”

“అందరూ అంటారులే అలాగ.”

“మెట్లెక్కితే ఆయాసం వస్తోందా నీకు?”

“లేదు.”

“ఇందాక పైకొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డావు.”

“బూట్లు కరుస్తున్నాయి.”

“బూట్లు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి లావణ్యా.”

“అబ్బ! పోలీసులా ఏంటే ఈ ప్రశ్నలు? నాన్న పైకొస్తున్నట్టున్నారు, ఆపు.”

“ఏమ్మా వీరదుర్గా, ఎప్పుడొచ్చావు? భోంచేశావా?”

“ఆయ్, చేశానండి బాబాయ్ గారూ. పిన్ని గారు పెట్టారు.”

“మంచిది. నాలుగున్నరకల్లా కదలాలమ్మా మనం. రాజమండ్రి స్టేషన్‌కి కాలేజీవాళ్లంతా వస్తారంట. మనూరి సెంటర్లో ఫ్లెక్సీ చూశావా? బస్టాండు పక్కన.”

“చూశానండి. బాగుంది.”

“నువ్వెళ్లున్నా బాగుండేదమ్మా. మీ ఇద్దరిలో ఎవరెళ్లినా నాకు ఒకటే అన్నాను అప్పుడే. ఏం చేస్తాం, ఆరోగ్యం ముందు. బీట్‌రూట్టు తింటున్నావా?”

“తింటున్నానండి.”

“తిను. ఆడపిల్లలు ఒంటిని అశ్రద్ధ చెయ్యకూడదు. సరే, కానివ్వండి. కారులో గాలి చూసొస్తాను.”

“వెళ్లారా?”

“వెళ్లారు. లావణ్యా, ఆ తలుపు దగ్గరగా వెయ్యి. ఒక మాట చెప్పాలి.”

“సర్దడం అయ్యాక చెప్దువుగాని.”

“అయ్యాక చెప్పి లాభం లేదు. వెయ్యి. నువ్వు రెండోరోజు సాయంత్రం ఇంటికెళ్లిపోయావు కదా. తర్వాత రక్తం ఎలా దొరికిందని నన్నడగలేదేం?”

“ఎవరో డోనర్ వచ్చారన్నావుగా ఫోన్లో.”

“అన్నాను. ఎవరో కాదు. నేనే.”

“నువ్వా?”

“మూడోరోజు పొద్దున్నకి అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. ‘ఎవరమ్మా నువ్వు’ అంది. ఇంక ఆగలేక బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గరకెళ్లాను. అమ్మదీ నాదీ ఒకటే గ్రూపండీ, నాకు హిమోగ్లోబిన్ ఎనిమిదే ఉంది, అయినా నాకేమైనా పర్లేదు తీసుకోండని బతిమాలాను. వేలు గుచ్చి చూశారు. ఎంతుందో తెలుసా?”

“ఎంత?”

“పదమూడున్నర.”

“మిషన్ తేడా చేసుంటుంది.”

“వాళ్లూ అదే అనుకుని చేతి నరంలోంచి తీసి మళ్లీ చూశారు. పదమూడు పాయింట్ ఆరు. డాక్టరమ్మ ఎన్ని తిట్లు తిట్టిందో! ‘ఇంత రక్తం ఒంట్లో పెట్టుకుని రెండ్రోజులు తల్లినలా పడుకోబెట్టావు, మనిషివేనా’ అంది. ఏం చెప్పను? నాకు ఎనిమిదని మా కాలేజీలో అందరి ముందూ చదివారండీ అని చెప్పనా?”

“టానిక్కులు తాగావు కదా. పెరిగుంటుంది.”

“మూడు వారాల్లో ఐదున్నర పెరగదంట. అడిగాను.”

“మరి నాకప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“అమ్మ గండం గడవాలి కదా ముందు. తర్వాత నువ్వు రోజుకో ఫొటో పంపించావు, జాకెట్టని, టోపీ అని. మీ నాన్నగారు ఫ్లెక్సీ కట్టించారు. నాకు నోరు రాలేదే. కానీ ఇవాళ రాకపోతే ఇంకెప్పుడని పొద్దున్నే బస్సెక్కాను.”

“దేనికొచ్చావు? సీటు కోసమా?”

“నీ మొహం. ఇప్పుడు బంగారు పల్లకీ పంపినా అమ్మని వదిలి నేనెక్కడికెళ్తాను? నీ కోసం వచ్చాను. ఆ రోజు కాలేజీలో రక్తం తీసింది మనిద్దరికే. రెండే ట్యూబులు. ఎనిమిది నాది కాకపోతే ఎవరిది లావణ్యా?”

“నాకేం తెలుసు?”

“ల్యాబువాళ్లు మార్చేసుంటారు. నీ తప్పేం లేదు. నేను ఎవరితోనూ అన్లేదు కూడా. కానీ పన్నెండుకి పైన ఉంటే తప్ప తీసుకోమని ట్రెక్ వాళ్లు ఊరికే పెట్టలేదు కదే ఆ రూలు. పదిహేను వేల అడుగుల మీద గాలే పలచగా ఉంటది. ఎనిమిదితో ఎక్కితే గుండె ఎంతసేపు లాగుద్ది?”

“బేస్ క్యాంపులో గైడ్ రోజూ వేలికి క్లిప్పు పెట్టి చూస్తాడు. తేడా వస్తే అక్కణ్నించే దింపేస్తారు.”

“ఆ క్లిప్పుకి ఆక్సిజనే తెలుసంట. రక్తం తక్కువని దానికి తెలీదు. డాక్టరమ్మని అదీ అడిగాను.”

“అన్నీ అడిగేశావు.”

“అడగొద్దా మరి? నువ్వు పోతే నాకెవరున్నారే? విను. మనకి ట్రైనింగ్ ఇచ్చిన సార్‌కి ఇప్పుడే ఫోన్ చేద్దాం. ల్యాబులో పొరపాటు జరిగిందందాం. ఎవరి పరువూ పోదు. మందులు వాడి వచ్చే ఏడాది వెళ్దువుగాని.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“ల్యాబువాళ్లని అడుగుతారు.”

“అడగనీ. మార్చింది వాళ్లే కదా.”

“వద్దంటున్నానా! ఆ సిస్టర్ ఉద్యోగం పోతుంది.”

“ఏ సిస్టరు?”

“మనకి రక్తం తీసినావిడ.”

“ప్రాణం మీదకొస్తుంటే ఆవిడ ఉద్యోగం గొడవ నీకెందుకే?”

“ఆవిడ మార్చలేదు కాబట్టి.”

“ఏంటీ?”

“ఆవిడకి ఫోనొచ్చింది. ‘నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయమ్మా, ఈ స్టిక్కర్ల మీద పేర్లు రాసి అంటించు’ అని వరండాలోకి వెళ్లింది. నువ్వు దూది నొక్కిపట్టుకుని కిటికీ దగ్గర నిలబడున్నావు.”

“ఆపు.”

“నాకు ముందే తెలుసు వీరా. అంతకు వారం ముందే ఎవరికీ చెప్పకుండా చూపించుకున్నాను. ఎనిమిది పాయింట్ రెండు. అప్పటికే నాన్న ఊరంతా చెప్పేశారు, మా అమ్మాయి వెళ్తోందని. ప్రాక్టీసులో రోజూ గోదారి ఘాట్ మెట్ల మీద నువ్వే ముందు. వీపు మీద ఇసక బస్తా ఉన్నా నువ్వే ముందు. సార్ నిన్నే చూపించి, అలా ఎక్కండి అనేవారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నేను ముందుండాలనిపించింది.”

“మా అమ్మ మంచం పక్కన కూర్చున్నావు.”

“ఊఁ.”

“రెండ్రోజులు.”

“వీరా, నేను చెప్పేది...”

“ఫోన్లు చేశావు. ‘ఎవరైనా ఉంటే రండి, ప్లీజ్’ అని ఏడ్చావు కూడా. రక్తం నీ పక్కన కూర్చున్నదాని ఒంట్లోనే ఉందని తెలిసి ఏడ్చావా, తెలియక ఏడ్చావా?”

“తెలిసే.”

“తెలిసే.”

“చెప్తే మొత్తం బయటపడుతుంది. ఇంకొక్క ఫోన్లో దొరుకుతుంది, ఇంకొక్క ఫోన్లో దొరుకుతుంది అనుకుంటూ చేశాను. దేవుడి మీద ఒట్టు. అమ్మగారికేమైనా అయ్యుంటే నేనూ బతికేదాన్ని కాదు.”

“నేను నిన్ను పట్టుకుని ఏడ్చాను. నాకు రక్తం లేకపోవడం వల్ల మా అమ్మ చచ్చిపోతోందే అని. నువ్వు నా వీపు నిమిరావు.”

“తిట్టు. కొట్టు. ఏం చేసినా పడతాను. కానీ నాకు భయంగా ఉంది వీరా. నిన్న మేడెక్కుతుంటే కళ్లు చీకట్లు కమ్మి కూలబడిపోయాను. నాకు వెళ్లాలని లేదు. నాన్నకి నువ్వు చెప్పు.”

“నేనా?”

“ల్యాబు పొరపాటనే చెప్పు, ఇందాక అన్నావు కదా. నువ్వు చెప్తే నమ్ముతారు. నాకు నోరు రాదు.”

“అప్పుడూ రాలేదు.”

“నీ కాళ్లు పట్టుకుంటాను.”

“లే. కాళ్లొదులు. నిజమే చెప్పుకుంటావో, ఇంకేదైనా చెప్పుకుంటావో నీ ఇష్టం. నీ నోటితో నువ్వు చెప్పు. నేను పక్కన నిలబడి కాదనను. నేను చెయ్యగలిగింది అదే.”

“వీరా, ప్లీజ్...”

“మెట్ల మీద మీ నాన్నగారు. కళ్లు తుడుచుకో.”

“ఏమ్మా, ఇంకా అవ్వలేదా? అబ్బో, ఎంత పొందిగ్గా సర్దావు వీరదుర్గా! లావణ్యా, ఇటు చూడు. కళ్లేంటలా ఎర్రబడ్డాయి? ఏడ్చావా?”

“లేదు నాన్నా.”

“భయమేస్తోందా? వేస్తే వేసిందని చెప్పమ్మా, మానేద్దాం. ఫ్లెక్సీదేముంది, సాయంత్రానికి పీకించేస్తాను. నువ్వు ముఖ్యం గానీ అది కాదు కదా.”

“చెప్పు లావణ్యా. నాన్నగారు అడుగుతున్నారు.”

“ఏంటమ్మా? చెప్పు.”

“భయమేం లేదు నాన్నా. వీరాని వదిలి వెళ్తున్నానని... అంతే.”

“పిచ్చితల్లి! పన్నెండు రోజుల్లో వచ్చేస్తావు. ఏమ్మా వీరదుర్గా, ఇంక చెయ్యాల్సిందేమైనా ఉందా?”

“ఆయ్, ఏం లేదండి బాబాయ్ గారూ. బండి తీయించండి.”